వెనక్కి నడిచిన మేస్త్రి

మా బావ పదహారేళ్లు వెనక్కి నడిచాడు. అద్దాల గోదాములో మేస్త్రి అతను. షాపుల ముందు బిగించే నిలువెత్తు అద్దాలను లారీలోంచి గోదాములోకి, గోదాములోంచి లారీలోకి మొయ్యడం మా నలుగురి పని. అద్దాన్ని నిలువుగా ఎత్తి, అడుగున పట్టీలు వేసి పట్టుకుంటాం. ముందు కొసన మేస్త్రి, మధ్యలో ఇద్దరు, వెనక కొసన నేను. మిగతా జట్లలో మేస్త్రులు దారివైపు చూస్తూ నడిచి "రండి, రండి" అని అరుస్తారు. మా బావ మాత్రం మావైపు తిరిగి, దారికి వీపు పెట్టి నడిచేవాడు. గోదామంతా అతన్ని రివర్సు మేస్త్రి అనేది. మా అక్క మొగుడని కూడా చూడకుండా మొదట్లో నేనూ అందరితో కలిసి నవ్వాను.

"నా వెనకాల ఏముందో నాకు తెలీదు, మీకు తెలుసు. చెప్పండి," అనేవాడు. అతను నేర్పిన పాఠమల్లా అదొక్కటే. ఎవరు "ఆపు" అన్నా అద్దం ఆగాల్సిందే. ఎందుకని ముందు అడగకూడదు. ఆగాక కారణం ఎంత చెత్తదైనా తిట్టకూడదు. ఒకసారి మధ్యలో నడిచే పొడుగాయన ముక్కు దురద పెడుతోందని ఆపమన్నాడు. నేనైతే చెంప పగలగొట్టేవాణ్ణి. బావ అద్దాన్ని రబ్బరు దిమ్మల మీద దింపించి, "కానీ, తీరిగ్గా గోక్కో," అన్నాడు. అదేం మేస్త్రీగిరీ అని నేను పళ్లు నూరుకున్నాను. కానీ ఉన్నమాట చెప్పాలి. పదహారేళ్లలో మా జట్టులో ఒక్కడి చెయ్యీ తెగలేదు. పక్క జట్టులో కుట్లు పడని చెయ్యి లేదు.

అలాగని అతనేం మాటకారి కాదు. చేతితొడుగులు చిరిగిపోయాయి, కొత్తవి అడిగి రమ్మంటే మేనేజరు గది గుమ్మంలోనే నీళ్లు నమిలేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. పట్టీ చేతికందిందంటే మాత్రం వేరే మనిషి. మా ముగ్గురి మొహాల మీంచి చూపు తిప్పేవాడు కాదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బావ నాకు టీ పోస్తున్నాడు. గ్లాసు అంచు మీద చూపుడు వేలు ఆనించి మరీ పోస్తున్నాడు. వేలికి వేడి తగిలాక ఆపాడు గానీ, అప్పటికే కొంత టీ బల్ల మీదికి పారింది. అంచు దాకా రావడం నేను చూస్తూనే ఉన్నాను, నోరు తెరవలేదు. అక్క గుడ్డతో తుడిచి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"చూపు కింది సగం పోయిందిరా. ఎదురుగా ఉన్న మొహాలు తెలుస్తాయి, కింద ఉన్నవేవీ తెలీవు. పోయింది ఇక రాదన్నాడు డాక్టరు."

"గోదాములో తెలిస్తే?"

"తెలీకూడదు. నువ్వు నోరు మెదపకు తమ్ముడూ. ఆ పని పోతే ఆయన మనిషిగా మిగలడు."

సరేనన్నాను. నిజానికి పనికేమీ అడ్డం రాలేదు. వెనక్కి నడిచేవాడికి దారి ఎలాగూ కనబడదు, చూసి చెప్పేది మేమే. మా మొహాలు కనబడితే అతనికి చాలు. అలా ఏడాదిన్నర గడిచింది.

అప్పుడు ఆఫీసువాళ్లు ఒక ట్రైనింగ్ ఆయన్ని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రిమోటు. గోడ మీద బొమ్మ వేశాడు. కొండ మీదికి ఒకడు ముందు ఎక్కుతుంటాడు, వెనక పదిమంది. నాయకుడంటే ముందుండాలట, దారి చూపాలట, జట్టులో ఒకే గొంతు వినబడాలట. రెండు గంటలు వాయించాడు. ఆయన జన్మలో అద్దం ఎత్తి ఉంటే ఒట్టు. అది అక్కడితో పోయినా బాగుండేది. భోజనాలయ్యాక పని చూస్తానని ఆవరణలోకి వచ్చాడు, మేనేజరును వెంటేసుకుని.

"మేస్త్రిగారూ, ఇదేంటండీ, లీడరయ్యుండి వెనక్కి నడుస్తారు? ఇటు తిరగండి. మాట్లాడేది మీరొక్కరే. మిగతావాళ్లు మాట్లాడకూడదు."

"అలవాటు లేదండీ," అన్నాడు బావ.

"చేసుకోవాలి మరి," అన్నాడు మేనేజరు.

బావ నీళ్లు నమిలాడు. నావైపు ఒక్కసారి చూసి, తిరిగాడు. అద్దం మోస్తుండగా అతని వీపు చూడటం నాకదే మొదటిసారి. కాలరు చిరిగితే అక్క వేసిన కుట్లు కనబడ్డాయి.

లారీ దాకా ముప్పై అడుగులుంటుంది. సగం దాటాక, ఎవడో వెధవ వదిలేసిన తోపుడుబండి. దాని ఇనుప కడ్డీ మోకాలికి కాస్త కిందగా దారికి అడ్డంగా ఉంది. మధ్యలో ఇద్దరూ అద్దం అడుగును చూస్తూ తలలు దించుకుని నడుస్తున్నారు. నేను చూశాను. చాలా ముందే చూశాను. ఆపు అంటే బావ ఆగుతాడు. పట్టపగలు అంత కడ్డీ కనబడలేదా అని మేనేజరు అడుగుతాడు. ఆ రోజుతో బావ పని సరి. అనకపోతే, ఏమో, కనబడుతుందేమో, తప్పుకుంటాడేమో. అలా అనుకుంటూ ఆరడుగులు నడిచాను. మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

కాలికి కడ్డీ తగిలి బావ ముందుకు తూలాడు. పట్టీ వదిలేసి ఉంటే మోకాలి దెబ్బతో పోయేది. కానీ వదిలితే అద్దం పొడుగాయన మీదికి వాలుతుంది. వదల్లేదు. అద్దం అతని కుడిచేతి మీదే పగిలింది.

బావను కారులో తీసుకుపోయాక నేను చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చాను. ఎవరూ ఊడ్చమనలేదు. నేల మీద గాజు గీరుకునే చప్పుడు తప్ప ఆ మధ్యాహ్నం ఇంకేదీ గుర్తులేదు.

చూపుడు వేలు మొదలు మూడు వేళ్లకు స్పర్శ పోయింది. కళ్ల సంగతీ ఆసుపత్రిలోనే బయటపడింది. మూడోరోజు మేనేజరు కాగితం పట్టుకొచ్చి తప్పెవరిదని అడిగాడు.

"నాదేనండీ. నాకు కనబడలేదు," అన్నాడు బావ.

మేనేజరు వెళ్లేదాకా ఆగి నావైపు తిరిగాడు.

"చూశావా?"

"చూశాను బావా."

"మరి?"

నేను అతని కాళ్ల మీద దుప్పటి సర్దాను. అతనే అన్నాడు, కోపం లేకుండా.

"నీ మొహం కనబడి ఉంటే ఆగేవాణ్ణిరా. ఏదైనా దాచావంటే నీ కింది పెదవి లోపలికి పోతుంది. మా పెళ్లినాటికి నువ్వు ఇంత పిల్లాడివి, అప్పట్నుంచీ అంతే."

నాలుగు తిట్టినా బాగుండేది. ఏడుపొస్తుందని చూశాను. రాలేదు.

మేస్త్రి పని నాకిచ్చారు. దాంతోపాటు పది గీతలున్న కాగితం ఒకటి ఇచ్చారు, మంచి నాయకుడి లక్షణాలు రాసి పంపమని. చొక్కా జేబులో పెట్టుకుంటే ఉతుకులో ముద్దయిపోయింది. పొద్దున్నే లేస్తున్నాను, తింటున్నాను, అద్దాలు మోస్తున్నాను. నేనూ వెనక్కే నడుస్తున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఎదురుగా మూడు మొహాలుంటాయి. వాటిని అంతసేపు చూడాలంటే చాలా కష్టమని నాకు ఇప్పుడే తెలిసింది. మొన్న నా పాత చోట నడుస్తున్న కొత్తాయన చూపు నా వెనక్కి పోయి వచ్చింది. నోరు తెరిచి మూసుకున్నాడు. "ఆపు," అన్నాను నేనే. దింపి చూస్తే నా మడమ దగ్గర నీళ్ల పైపు.

"చెబుదామనుకున్నానన్నా, మీకు తెలిసే ఉంటుందిలే అని..."

చెయ్యి లేచింది. దించేశాను.

"ఈసారి చెప్పు," అన్నాను.

నిన్న ఆదివారం. బావే టీ పోశాడు, ఎవరు పోస్తామన్నా ఒప్పుకోడు. ఎడమ చేత్తో గిన్నె ఎత్తి, అలవాటు కొద్దీ కుడిచేతి చూపుడు వేలు గ్లాసు అంచు మీద ఆనించాడు. ఆ వేలికి ఇప్పుడు వేడి తెలీదు. టీ వేలి దాకా వచ్చింది, వేలిని ముంచింది, ఇంకా పోస్తున్నాడు. అక్క గుడ్డ పట్టుకుని నిలబడి నావైపు చూసింది.

"ఆపు బావా," అన్నాను.

ఠక్కున ఆపాడు. పదహారేళ్లూ ఆగినట్టే, ఎందుకని అడక్కుండా.

"ఇప్పుడొచ్చిందట్రా నీకు మాట?" అన్నాడు, గ్లాసు నావైపు జరుపుతూ. నవ్వాడు కూడా.

అక్క గుడ్డ మడిచి పక్కన పెట్టింది. నేను గ్లాసెత్తి టీ మొత్తం తాగేశాను. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.