నేను పెట్టిన పున్నమి తేదీ

నంద్యాలలో మా బౌద్ధుల వెబ్‌సైటు చూసుకునేది నేనే. ఆళ్లగడ్డ వాళ్లది మా వదిన, అంటే మా ఆయన అక్క, చూసుకుంటుంది. ఇద్దరమూ కుట్టుమిషన్ల మీద బతికేవాళ్లమే. మధ్యాహ్నం మిషను ఆపి, అన్నం తిని ఫోను పట్టుకుంటే అదే మా ఆఫీసు. నా చదువు ఐదో తరగతి దాటలేదు. అందుకని మైకు బొమ్మ నొక్కి మాట్లాడతాను, ఫోనే రాసిపెడుతుంది. "ఆదివారం బుద్ధవందన గోస్పాడులో, పప్పన్నం ఉంది, గ్లాసులు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి, పోయినసారి చాల్లేదు" అని అన్నది అన్నట్టే పడుతుంది. ఒకసారి మధ్యలో కోడిని అదిలించింది కూడా పడింది. దాన్ని తీసేస్తే, ఎందుకు తీశావని నలుగురు ఫోన్లు చేశారు.

నాకు జ్ఞాపకం ఎక్కువ. ఎవరి పెళ్లి ఏ పున్నమికి జరిగిందో, ఎవరింట్లో పాయసం మాడిందో అడిగిన వెంటనే చెబుతాను. ఆ గొప్పే ఒకసారి నన్ను ముంచింది.

వైశాఖ పున్నమికి భంతే, అంటే మా భిక్షువు, ఆళ్లగడ్డ హాలుకు వస్తానన్నారు. ఆయన ఏడాదికొక్కసారే మా వైపు వస్తారు. క్యాలెండరులో పున్నమి ఒకరోజు మధ్యాహ్నం మొదలై మరునాటి మధ్యాహ్నానికి పోతోంది. మా అమ్మ ఇంట్లో పున్నమి అంటే నిండు చంద్రుడు పైకొచ్చే సాయంత్రం ఉన్న రోజే. ఎవరినీ అడగకుండా ఆ రోజే పెట్టేశాను. భంతే లెక్క వేరు, పొద్దు పొడిచేటప్పటికి పున్నమి ఉండాలి. వదిన ఆ లెక్క ప్రకారం పెట్టింది. ఆమెది నేను చూడలేదు, నాది ఆమె చూడలేదు.

ఇరవై మందిమి తెల్లబట్టలు కట్టుకుని పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాం. హాలుకు తాళం. మెట్ల మీద తెల్లచీర కట్టుకున్న ఒక ముసలవ్వ, పక్కన సంచి. పక్కింట్లోంచి చీపురుతో వచ్చిన వదిన మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఏమ్మే, అందరూ ఈపొద్దే వచ్చినారు?"

"పున్నమి కదా వదినా."

"పున్నమి రేపు. భంతే రేపు పొద్దున వస్తారు. నీకెవరు జెప్పినారు?"

"నాకు నేనే జెప్పుకున్న్యా."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమెది కొలిమిగుండ్ల. వయసంతా నాపరాళ్ల గనిలో పోయింది. భంతే నోటి వెంట పంచశీల చెప్పించుకోవాలని ఆమె ఆశ. పోయినేడు కాలు విరిగి రాలేకపోయింది. ఈసారి పక్కింటామె నా వెబ్‌సైటు చదివి చెబితే బయల్దేరింది.

"ఈ పూట మా ఇంట్లో ఉండవ్వా" అంది వదిన.

"యాడ ఉండేది మ్మే. బర్రె నేడో రేపో ఈనేటట్టుండాది. ఇంటికాడ ముసిలాయన ఉండాడు గానీ కండ్లు ఆనవు. పోతా. ఇంగ వచ్చేయేడు సూస్కుందాం."

వచ్చే ఏడు అంటూనే సంచి చంకకెత్తుకుంది. అందరూ నావైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన బర్రెల మధ్య పెరిగిన మనిషి.

"నా తిక్కు సూడొద్దు" అన్నాడు.

"తేదీ పెట్టింది నీ పెండ్లామే కదరా. బర్రె కాడికి నువ్వే పో" అంది వదిన.

"తప్పు దానిది, పేడ నాదా?"

అంటూనే చెప్పులేసుకున్నాడు. ఎడమవైపు నుంచి పోతే బర్రె తంతుందని అవ్వ మూడుసార్లు చెప్పింది. తెల్లచొక్కాతోనే కొలిమిగుండ్లకు పోయాడు.

మేమెవరమూ తిరిగి పోలేదు, అవ్వ కూడా. వదిన వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది. నేను ఫోను తీసి, "తప్పు నాది, పున్నమి రేపు, వచ్చేవాళ్లు బెల్లం తీసుకురండి" అని పెట్టాను. మరునాటికి బెల్లం ఎంత వచ్చిందంటే పాయసం రెండు గుండిగలైంది.

ఆ పొద్దున మా ఆయన ఫోను చేసి "పెయ్యదూడ" అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు. అవ్వ ఆ మాట హాలంతా తిరిగి అందరికీ చెప్పి, ముందు వరుసలో కూర్చుంది.

భంతే ఒక్కొక్క శీలం పాళీలో చెప్పి, తెలుగులో అర్థం చెబుతుంటే మేం తిరిగి చెబుతున్నాం. నాలుగోది, అబద్ధమాడనన్నది, వచ్చేసరికి అవ్వ ఆగి వెనక్కి తిరిగింది.

"మ్మే, ఇది నువ్వు గట్టిగా జెప్పు."

భంతే కూడా నవ్వాపుకోలేకపోయారు. పొరపాటు వేరు, అబద్ధం వేరు అని వాదించే చోటు కాదది. గట్టిగానే చెప్పాను. అవ్వ నాకంటే గట్టిగా చెప్పి, ఐదోదాని కోసం భంతే వైపు తిరిగింది.