పార్కుకి ఎదురు ప్లాటు

మా అత్తవారు స్థలాలు అమ్మేవాళ్లు. ఆ మాటంటే మామగారికి ఒళ్లుమండేది. "కాలనీలు కట్టేవాళ్లం అనమ్మా" అని దిద్దేవారు. వాళ్లు కట్టింది తమ సొంత మేడలు మూడే. మిగతాదంతా నేలమీద సున్నంతో గీతలు గీసి అమ్మారు.

జగ్గయ్యపేటలో వాళ్లకి బట్టల కొట్టుండేది. ఊరి పక్కనే నైజాం సరిహద్దు ఉన్నన్నాళ్లూ ఇటు సరుకు అటూ అటు సరుకు ఇటూ దాటించి బాగుపడ్డారు. రాష్ట్రాలు కలిసి సరిహద్దు పోయాక ఆ సంపాదన ఆగిపోయింది. అప్పుడు మామగారూ ఆయన ఇద్దరు తమ్ముళ్లూ హైదరాబాదులో కంపెనీ పెట్టారు. ఊరి చివర రాళ్లూ తుమ్మచెట్లూ ఉన్న బీడు కొని, దానికి తమ ఇంటిపేరుతో కాలనీ అని బోర్డు పాతారు. మొదటి ప్లాను కాయితాన్ని వేదాద్రి తీసుకెళ్లి నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించారు. స్వామికి కూడా ఒక ప్లాటు అంటగడతారేమో అనుకున్నా.

ముగ్గురూ డైరెక్టర్లే. మామగారు మేనేజింగ్ డైరెక్టరు. రెండో ఆయనకి ఆ 'మేనేజింగ్' మీదే కన్ను. మూడో ఆయన కోటు కుట్టించుకున్నాడు. నడి వేసవిలో జగ్గయ్యపేట కొట్లో ఆ కోటు వేసుకుని కూర్చునేవాడు. చెమట చెవుల మీదుగా కారుతుంటే, "హైదరాబాదులో ఇంత ఉక్కపోత ఉండదండీ" అని వచ్చినవాళ్లకి చెప్పేవాడు.

మాది నందిగామ. నాన్న అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. కోర్టు ప్లీడర్లూ, కచేరీ గుమాస్తాలూ, చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డలూ సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. కట్నం ఊసెత్తకుండా అంత ఉన్నవాళ్లు మాస్టారి కూతుర్ని ఎందుకు చేసుకున్నారా అని ఊరంతా ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయా. కాపురానికి వెళ్లిన కొన్నాళ్లకే అర్థమైంది. వాళ్లకి కావలసింది కోడలు కాదు, నందిగామలో నాన్నకున్న మాట.

ఆదివారాలు అద్దె బస్సు నందిగామలో బయల్దేరి, జగ్గయ్యపేటలో ఆగి, హైదరాబాదు వెళ్లేది. స్థలం చూడదలచినవాళ్లకి టిక్కెట్టు లేదు. పైగా పులిహోర, లడ్డూ. ఆ పులిహోర కలిపే పని అత్తగారిదీ నాదీ. మొదటి బస్సులో నాన్ననీ ఎక్కించారు. నేను గిన్నెలతో వెనక సీట్లో కూర్చున్నా.

అక్కడ షామియానా వేసి, గ్రామఫోను పెట్టి, బల్లమీద రంగుల ప్లాను పరిచారు. మధ్యలో పచ్చటి చదరం. దాంట్లో చెట్లూ, బెంచీలూ, నీళ్లు చిమ్మే ఫౌంటెనూ బొమ్మ వేయించారు.

"ఈ పార్కు ఎక్కడొస్తుందండీ?" అని నాన్న అడిగారు.

మామగారు చేతికర్రతో తుమ్మచెట్ల వైపు చూపించారు. "ఇదేనండి బావగారూ. రేపు మీరు రిటైరై, మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దాటితే పార్కే!"

నందిగామలో మేముండేది కోర్టు వెనక అద్దె వాటాలో. ఇంట్లో మేం, వాకిట్లో ట్యూషను పిల్లలు, అరుగుమీద ఇంటివాళ్ల ధాన్యం బస్తాలు. నాన్నకి పేపరు చదువుకోడానికి చోటుండేది కాదు. జన్మలో తనకంటూ ఏదీ అడగని మనిషి ఆ పచ్చరంగుని చూసి మెత్తబడ్డారు. దాచుకున్నదంతా పెట్టి పార్కుకి ఎదురు ప్లాటు తీసుకున్నారు. ఇంకేం, మామగారు నందిగామలో ప్రతివాడితోనూ, "మాస్టారే కొన్నారండి, ఆయన లెక్క తప్పుతుందా?" అనడం మొదలుపెట్టారు. ప్లీడర్లు కొన్నారు. గుమాస్తాలు భార్యల మెళ్లో గొలుసులు తీసి కొన్నారు.

తర్వాత అత్తగారినీ, నన్నూ, మా ఆయన్నీ హైదరాబాదుకి మార్చారు. మా ఆయన మంచివాడే. తండ్రి ఎదుట నోరు విప్పని రకం మంచితనం. భోజనాల బల్లమీద ప్లాను పరిచి ముగ్గురు డైరెక్టర్లూ కూర్చునేవారు. ఎవరో పెద్ద ఆఫీసరు స్థలం కావాలన్నాడని పార్కులో ఒక పక్క కొట్టేసేవారు. పార్కు నా కళ్లముందే రోజురోజుకీ చిక్కిపోయింది. ఆఖరికి మిగిలిన ముక్కలో అన్నదమ్ములు తమకోసం మూడు మేడలకి ముగ్గులు పోయించుకున్నారు.

నేను ఉండబట్టలేక అడిగా. "మామయ్యగారూ, అది పార్కు కదండీ?"

"పార్కంటే గేదెలొచ్చి పడుకుంటాయమ్మా. ఇళ్లయితే మనుషులుంటారు" అన్నారు, ఎంతో దయగా. అత్తగారు నా చేతిలో మజ్జిగ గిన్నె పెట్టి వంటింట్లోకి పంపించింది. మా ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

గృహప్రవేశానికి అమ్మా నాన్నా పట్టుబట్టలు పట్టుకుని నందిగామ నుంచి వచ్చారు. నాన్న తన ప్లాటు దగ్గర నిలబడి, ఎదురుగా మామిడాకుల తోరణాలతో ఉన్న మేడల్ని చాలాసేపు చూశారు.

"పార్కు ఏదండీ, బావగారూ?"

మామగారు నాన్న భుజం మీద చెయ్యేసి, పదిమందికీ వినబడేలా అన్నారు. "పార్కుకి ఎదురుగా ఉండటం కన్నా మా ఇంటికి ఎదురుగా ఉండటం గొప్ప కదండీ?"

అందరూ నవ్వారు. కోటాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. నాన్న నవ్వలేదు. వడ్డించినదేదో తిన్నాననిపించి, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నాతో, "నన్ను మోసం చేస్తే చేశార్లే అమ్మా. నా మాట మీద కొన్నవాళ్లకి ఏం చెప్పమంటావ్?" అన్నారు.

చెప్పవలసింది ఆయనే చెప్పారు. నందిగామ వెళ్లి ప్లాటు కొన్న ప్రతి ఇంటికీ నడిచి, "పార్కు లేదు. వాళ్లే ఇళ్లు కట్టుకున్నారు. ఇక ఎవర్నీ కొననివ్వకండి" అని గుమ్మంలో నిలబడి చెప్పి వచ్చారు. ఆ పై ఆదివారం బస్సు నందిగామ నుంచి ఖాళీగా కదిలింది. జగ్గయ్యపేటలో కూడా ఎవరూ ఎక్కలేదు. హైదరాబాదులో కలిపి ఉంచిన పులిహోర అంతా మేమే తిన్నాం.

మామగారు కారేసుకుని నందిగామ పరిగెత్తారు. వెంట నన్నూ తీసుకెళ్లారు, కూతురి మొహం చూసి తగ్గుతారని.

"వియ్యంకులం మనం మనం ఇలా వీధిన పడితే ఎలా బావగారూ? మీ ప్లాటు వెనక్కి తీసుకుంటాం, ఇంతకన్నా మంచిది ఇస్తాం. ఆ మాట ఒక్కటీ ఊళ్లో మార్చి చెప్పండి."

నాన్న పిల్లల పేపర్లు దిద్దుతున్నారు. తలెత్తలేదు. "నా ప్లాటు నాకు బాగానే ఉందండి. మార్చి చెప్పడానికి వేరే మాట లేదు."

"మీ అమ్మాయి మా ఇంట్లో ఉందండీ" అన్నారు మామగారు. అదొక్కటే మిగిలింది ఆయన దగ్గర.

నాన్న కలం కింద పెట్టి నా వైపు చూశారు. "ఏమ్మా, ఉంటావా?"

"ఉంటా నాన్నా. భయపడి మాత్రం ఉండను" అన్నా. ఆ పెద్దమనిషి ఎదుట నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. ఆయన కాఫీ కూడా తాగకుండా లేచారు. దారిలో జగ్గయ్యపేట దగ్గర కారు టైరు పంక్చరైతే దిగి, ఎండలో నిలబడి డ్రైవర్ని తిట్టారు. నాకెంత హాయిగా ఉందో!

రిటైరయ్యాక నాన్న హైదరాబాదు వచ్చి దగ్గర్లోనే గది అద్దెకి తీసుకున్నారు. ప్లాటులో ఇల్లు కట్టలేదు. కంప తీయించి, నేల చదును చేయించారు. సాయంత్రం మడతకుర్చీ పట్టుకొచ్చి సరిగ్గా మూడు మేడలకీ ఎదురుగా వేసుకుని పేపరు చదివేవారు. చుట్టుపక్కల పిల్లలు వచ్చి ఆడుకునేవారు. వాళ్లని చూసుకుంటూ ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. నేనూ మా పాపనెత్తుకుని అత్తవారి గేటు లోంచే నడిచి వెళ్లి నాన్న పక్కన కూర్చునేదాన్ని.

స్థలం కొనడానికి వచ్చినవాళ్లు, "ఎవరండీ ఆ పెద్దాయన?" అని అడిగేవారు. పిల్లల తల్లుల్లో ఎవరో ఒకరు మొత్తం కథ చెప్పేవారు.

ఈలోగా అన్నదమ్ములు ఎవరి మేడ ఎత్తు అన్న పేచీలో విడిపోయారు. కంపెనీ మూడైంది. మూడింటికీ మేనేజింగ్ డైరెక్టర్లే. మామగారు తన కొత్త ఆఫీసు కట్టడానికి ఎదుటి నాన్న ప్లాటైతే బావుంటుందని మా ఆయన్ని రాయబారం పంపారు. ఆయన వెళ్లి, నాన్న ఎదుట చాలాసేపు తచ్చాడి, ఏమీ అడగలేక పిల్లలకి బంతి విసిరి వచ్చాడు. పెళ్లయినప్పట్నుంచీ అతను చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

కొన్నాళ్లకి మామగారు ముందు వరండాలోంచి తన పడకకుర్చీ తీయించి పెరట్లో వేయించుకున్నారు. అంట్లు తోమే గచ్చుకి ఎదురుగా.