పూజలో ఉన్న టీవీకి నా వైర్లు

ఆ రోజుల్లో నాకు దేవుడంటే ఉన్న భయం కన్నా మా మామంటే ఉన్న భయమే ఎక్కువ. దేవుడు కనీసం కేకలెయ్యడు. కుప్పం నుంచి వచ్చి, పుంగనూరులో మేనత్త ఇంట్లో ఉంటూ, మదనపల్లెలో ఇంజినీరింగ్ చదివేవాణ్ణి. అత్త భర్తే ఈ మామ. టమోటాలు తోలే టెంపో ఉండేది, మాట కూడా హారన్ కొట్టినట్టే ఉండేది.

అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నాను. ప్రోగ్రాం రాసి పెడితే, రెండు వైర్లతో పాత టీవీ మీద బొమ్మ తెప్పించవచ్చని నెట్‌లో చదివాను. నాకు దొరికే పాత టీవీ ఒక్కటే, అత్త ఇంట్లోని డబ్బా టీవీ. అదేమో ఆయుధపూజలో పూలు పెట్టుకుని కూర్చుంది. పూజలో పెట్టిన యంత్రాన్ని మర్నాడు మళ్లీ హారతి ఇచ్చేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఏడాదంతా ఇంట్లో యంత్రాలన్నీ మొరాయిస్తాయంటారు. (టెంపో కూడా అదే పూజలో ఉంది.) కానీ స్నేహితుడు సాయంత్రం బస్సుకే బోర్డు పట్టుకుని బెంగళూరు పోతానన్నాడు. అత్తా మామా గుడికి వెళ్లారు. ఇంకేం, ఆగలేకపోయాను.

టీవీ వెనక పసుపుపచ్చ సాకెట్లో వైరు దూర్చి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉంది. ఎంతసేపు చూసినా నల్లగానే ఉంది. పైగా కాలిన వాసన. టీవీ పోయింది, రేపు టెంపోకు ఏమైనా నా వల్లే అంటారు, నన్ను కుప్పం బస్సెక్కిస్తారు, చదువు అటకెక్కుతుంది. (ఆ వాసన అత్త వేసిన సాంబ్రాణిదే. భయపడ్డ ముక్కుకు అన్నీ కాలిన వాసనలే.) వైరు లాగేస్తే వేలికి పసుపు అంటింది. అత్త ఆ సాకెట్‌నూ వదలకుండా పసుపు మెత్తి, బొట్టు పెట్టింది. సాకెట్‌ను చొక్కా అంచుతో తుడుస్తుండగా గేటు చప్పుడైంది.

దాచెయ్యాల్సింది పోయి, నా చేతులు కంగారులో వైరును మళ్లీ అందులోనే దూర్చేశాయి. టీవీకి వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాను. (నేనా ఎముకల గూడు, టీవీయా గున్న ఏనుగు.) మామ ఒక్కడే వచ్చాడు.

“యాల ఆడ నిలబడుకోనుండావు? పక్కకు జరుగప్పా” అన్నాడు.

జరిగాను. తెర మీద తెల్లటి చుక్క ఒకటి వణుక్కుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎగురుతోంది. నా ప్రోగ్రామే. ఇంతసేపూ అడ్డం పడింది ఆ పసుపే. మామ పూలు చూశాడు, వైరు చూశాడు, బోర్డు చూశాడు. కేక కోసం కళ్లు మూసుకున్నాను. ఇదేం చానలని అడిగాడు. చానల్ కాదు, నేనే పంపుతున్నానని నీళ్లు నమిలాను. మామ మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.

“ఇన్నేండ్లూ ఈ టీవీలో మంది బొమ్మలే సూస్తాంటిని. మనింటోడి బొమ్మ ఇదే మొదలు.” చాలాసేపు చూశాక గొంతు తగ్గించాడు. “పూజలో ముట్టుకుంటివని మీ అత్తకు సెప్పొద్దు. ఆయమ్మంటే నాకూ భయమే.”

ఇప్పుడు పెద్ద పెద్ద తెరలకు బొమ్మలు పంపడమే నా ఉద్యోగం. తెర వెలిగేలోపు ఇప్పటికీ ఏదో కాలిన వాసన వస్తున్నట్టే ఉంటుంది, టీవీకి అడ్డంగా నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. బొమ్మ రాగానే అందరూ నిలబడే చూసి, సరేనని వెళ్లిపోతారు. కింద కూర్చుని చూసింది మాత్రం మామ ఒక్కడే.