నవనీత కొట్టిన తీన్‌మార్

రెజిమెంటల్ బజార్ జంగయ్య అంటే ఆషామాషీ మనిషి కాదు. డప్పు పోటీల్లో వెండి కడియం తొడిగించుకున్నవాడు, గోడనిండా షీల్డులున్నవాడు. దరువులన్నీ ఆయన దగ్గరే నేర్చిన మనవరాలు నవనీత, ఈసారి బోనాల ఊరేగింపులో తానూ కొడతానంది.

"ఆడపిల్ల కొడ్తే ఎవడాడుతడే? నా ఇజ్జత్ ఏం గావాలె?" అని తాత మీసం దువ్వాడు.

తీరా బోనాలనాడు ఆయన మణికట్టు వాచింది, ఊరేగింపు ఆగింది. నవనీత వాన జల్లుకు మెత్తబడ్డ డప్పును గడ్డిమంట మీద కాచి తీన్‌మార్ దరువు అందుకుంది. జనం కొయ్యబారి చూశారు. ముందుగా కదిలినవి తాత కాళ్లే.

"ఏందయ్యా, ఇజ్జత్ ఏడబోయింది?" అంది భార్య విజయమ్మ.

"ఇంట్ల పెట్టొచ్చిన, జెర జరుగవే!" అన్నాడు జంగయ్య, చిందు ఆపకుండానే.