బోణీ అయ్యేదాకా

కోపంతో దేవుడి ముందు దీపం వెలిగించకూడదని మా తాత అనేవాడు. కోపం దిగాకే అగ్గిపుల్ల గీయాలట. ఆ మాట పట్టుకుంటే మొన్న ఫంక్షన్ హాలు నుంచి వచ్చాక మా ఇంట్లో దీపమే వెలగకూడదు. అయినా వెలిగించాను. మేం కొలిచే ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి తెలియని కోపమా నాది?

పటాన్‌చెరులో వ్యాపారస్తులంతా కలిసి పెట్టుకున్న సభ అది. ఇంటాడవాళ్లనూ తీసుకురమ్మన్నారని వెళ్లాం. పట్నం నుంచి వచ్చిన ఒకాయన, సూటు వేసుకుని, చెంపకు మైకు అంటించుకుని, వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. పేదరికం జేబులో ఉండదట, బుర్రలో ఉంటుందట. ఆలోచన మార్చుకుంటే చాలట. ఒకరికి సాయం చేస్తే అది పదింతలై మన గల్లాపెట్టెలోకే వస్తుందట. "మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా?" అని అడిగాడు.

మా ఆయన అన్న, నాకు బావ, లేచి నిలబడ్డాడు.

"మాకు పిండి గిర్ని ఉండె. ఒక పేదామె రొట్టెలు జేసి అమ్ముకుంటనంటే, పొద్దుగాల అందరికన్న ముందుగాల ఆమె జొన్నలే పట్టి ఇచ్చినం. ఆమె పైకొచ్చింది, మేం పైకొచ్చినం. గదే మైండ్‌సెట్!"

హాలంతా చప్పట్లు. పైగా శాలువా. ఆడవాళ్ల వరుసలో కూర్చున్న నేను ఒక్క చప్పట్టూ కొట్టలేదు. అందుకే రాస్తున్నాను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. తాత ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నావి. అబద్ధం రాయడానికి మాత్రం ఆయన నేర్పలేదు.

నేను కాపురానికి వచ్చేసరికి మా ఇంటి ముందు భాగంలో పిండి గిర్ని, వెనక ఇల్లు. ఎనభైల రోజులు. రోడ్డుకు అటూ ఇటూ కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. కరెంటు తెల్లవారుజామునే నిలకడగా ఉండేది కనుక అయిదింటికే గిర్ని తెరిచేవాళ్లం. దీపాల వేళకు మూసేయాలి, అది ఇంటి నియమం. మోటారు పని మా ఆయనది, పెత్తనం బావది. మా అత్తమ్మ అందరికంటే ముందే లేచి, స్నానం చేసి, పూజ ముగించి, నడిమింటి తలుపు వెనక పీట మీద కూర్చునేది. "అమ్మా, బోణీ అయింది" అని బావ కేకేశాకే ముందుకు వచ్చేది. పెద్దదానికి చెప్పి వ్యాపారం మొదలుపెడుతున్నారని, ఎంత మర్యాద అని, నేను ముచ్చటపడేదాన్ని.

అప్పుడు వచ్చింది ఆమె. మా వెనక గల్లీలో చిన్న గది కిరాయికి తీసుకుంది. భర్త జబ్బు చేసి పోయాడు, ఒక ఆడపిల్ల. జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే పని. ఆ డ్రమ్ముల్లో ఏం ఉండేదో ఎవరూ చెప్పలేదు, చేతి తొడుగులూ ఇవ్వలేదు. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉండేది. అన్నం కలుపుకుంటే భగ్గుమంటుందని చెంచాతో తినేది.

ఆ పని నుంచి బయటపడటానికి ఆమె ఒక దారి కనిపెట్టింది. జహీరాబాద్ అవతల నుంచి, బీదర్ వైపు నుంచి కంపెనీ పనులకు వచ్చి గదుల్లో ఉంటున్న మగపిల్లలకు జొన్నరొట్టె లేనిదే కడుపు నిండదు. ఏడింటికి కంపెనీ బస్సు. ఆలోపు వేడి రొట్టెలు మూట కట్టి ఇస్తే కొనేవాళ్లు వరసగా ఉన్నారు. ఆమె పనికి పోయేది కూడా ఆ బస్సు తర్వాతే. జొన్నపిండి ఒక పూట నిలవుంటే జిగి పోతుంది, రొట్టె అంచులు పగిలిపోతాయి. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి గిర్ని మూసి ఉంటుంది. అంటే, తెల్లవారి తెరవగానే ఆమె జొన్నలు పడితేనే రొట్టె, రొట్టె అయితేనే డ్రమ్ముల నుంచి విడుదల.

ఆలోచన, పట్టుదల, లెక్క అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. సూటాయన చెప్పిన బుర్ర ఆమెకు పుష్కలంగా ఉంది. అడ్డం ఉన్నది మా గడప మీద.

ఒకరోజు వాకిలి చల్లుతుంటే, గిర్ని పక్కన గోడకు ఆనుకుని ఆమె కనిపించింది. చేతిలో గంప.

"ఏంది చెల్లె, గట్లనే నిలబడ్డవ్? మోటరు తిరగబట్టె గద."

"బోణీ కాలేదంట అక్కా. అయినంక పోస్త."

"ఎవలన్నరు?"

"సేటు ఏమనలే. జెర ఆగుమన్నడు. నాకెరుకే గద, మొగడు పోయినదాన్ని, నా చేతుల మీదికెళ్లి మొదలైతే మీకే మంచిగుండదు."

తిట్టలేదు, తరమలేదు. జెర ఆగుమన్నాడు, అంతే. ఆ వేళకు వేరే గిరాకీ ఎవరొస్తారు? ఆరున్నరకు ఒక రైతు బస్తాతో వచ్చేదాకా ఆమె అలాగే నిలబడేది. పిండి చేతికి వచ్చేసరికి బస్సు వేళ ముంచుకొచ్చేది. చెయ్యాల్సిన రొట్టెల్లో నాలుగో వంతు కూడా అయ్యేవి కావు. ఆకలితో బస్సెక్కిన పిల్లలు మెల్లగా వేరే ఏర్పాట్లు చూసుకోసాగారు. ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. తన చేయి చెడ్డదని తానే నమ్మి గోడకు ఆనుకుంటే ఎట్లా?

మా ఆయనకు చెప్పాను. "అన్నతోని ఎవలు వడ్తరే?" అని దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు మా ఇంటి జొన్నలే ఒక గిన్నెడు తెచ్చి నేనే ముందు పోయబోయాను. బావ నవ్వాడు. "ఇంటి గింజ బోణీ ఎట్లయితదమ్మా? మనకు మనమే గిరాకీలమా?"

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. గోడ దగ్గరికి వెళ్లి, ఆమె చేతిలో గంప లాక్కుని, మోటారు మీది డబ్బాలో జొన్నలు నేనే ఒంపేశాను. బావ నోరు తెరిచేలోగా పిండి రాలడం మొదలైంది. ఆ రోజు ఆమె అందరికీ రొట్టెలు ఇచ్చింది.

మధ్యాహ్నం మోటారు బెల్టు పట్టా తెగింది.

"సూసినవా?" అన్నాడు బావ, ఏదో గెలిచినట్టు. "చెప్తే ఇనలే. సూసినవా?"

పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడే అలవాటు లేదు నాకు. ఆ రోజు మాట ఆగలేదు. "పోయినేడు పట్టా తెగిననాడు బోణీ ఎవలది బావా?"

పిండి కోసం కూర్చున్న ముసలి రైతు అందుకున్నాడు. "సర్పంచ్ సాబ్‌ది గాదె! నేనీడనే ఉన్న. అయితే ఆయన చెయ్యి గూడ గంతేనా సేటు?"

గిరాకీలంతా ఘొల్లుమన్నారు. నవ్వు బావకు తగలరాని చోట తగిలింది. "రేపటికెళ్లి ఆమె పొద్దెక్కినంకనే రావాలె. ఇదే ఆఖరి మాట" అన్నాడు. పొద్దెక్కాక అంటే రొట్టెల పని ముగిసినట్టే. ఆమె మళ్లీ పూర్తిగా డ్రమ్ముల పాలు. ఆ రాత్రి నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారిని అడగలేదు, నిలదీశాను.

తెల్లవారి పట్టా మార్చి మోటారు సిద్ధం చేశారు. ఆమె రానే వచ్చింది. పొద్దెక్కాక రమ్మన్న మాట ఇంకా ఎవరూ చేరవేయలేదు. బావ చెయ్యెత్తి ఆపబోతున్నాడు. నడిమింటి తలుపు తెరుచుకుంది. అత్తమ్మ.

"గంప ఇటు తే బిడ్డా."

"అమ్మా, ఇంక బోణీ కాలే. నువ్వు లోపటుండు" అన్నాడు బావ.

"ఎందుకుండాలె?"

బావ ఎత్తిన చెయ్యి దించేశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్లూ తలుపు వెనక ఆ పీట ఎందుకో, 'బోణీ అయింది' అనే కేక ఎవరికి, ఎందుకో. నేను మర్యాద అనుకున్నది అది.

"మీ నాయిన పోయినసంది తలుపెన్కనే కూసుంటున్న. ఏనాడన్న నేను ఎందుకని అడిగిన్నా? ఈ గిర్ని ఏం బెట్టి తెచ్చినవ్? నా బంగారు గాజులమ్మి తేలె? గిర్నికి నా చెయ్యి పనికొచ్చింది, బోణీకి పనికిరాదా? చెప్పురా పెద్దోడా, గిరాకీల ముంగట చెప్పు. మీ అమ్మ చెయ్యి మంచిది గాదని చెప్పు."

అత్తమ్మ గంప అందుకుని తన చేతులతో జొన్నలు పోసింది. "మోటరెయ్యి" అంది. స్విచ్ వేసింది మా ఆయన. జీవితంలో అన్నకు ఎదురు చేసిన పని ఆయనకు అదొక్కటే. అందుకు ఈనాటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

ఆ తర్వాత ఏ పూటా ఆమె గోడ దగ్గర నిలబడలేదు. కొన్నాళ్లకు డ్రమ్ముల పని మానేసింది. అరచేతుల మీద కొత్త తోలు వచ్చాక, మా ఇంట్లో కూర్చుని పప్పన్నం చేత్తో కలుపుకుని తింది. అత్తమ్మ పక్కనే కూర్చుని వడ్డించింది. మా గిర్నికీ గిరాకీ పెరిగింది, నిజమే. అక్కడ ఎవరినీ ఆపరని తెలిసి, పెందరాళే పనికి పోయే ఆడవాళ్లంతా మా దగ్గరికే వచ్చారు. పదింతలూ లేదు, మహిమా లేదు. దారికి అడ్డం ఉన్నది తీస్తే మనుషులు నడిచారు.

ఏళ్లు గడిచాక ఆమె తన ఇంట్లోనే చిన్న గిర్ని పెట్టుకుంది. "పాముకు పాలు పోసినట్టయింది" అన్నాడు ఇదే బావ. అప్పటికి అత్తమ్మ లేదు, ఉంటే మళ్లీ తలుపు తెరుచుకునేది.

సభ అయ్యాక ఆటోలో శాలువా మడత పెట్టుకుంటున్న బావను అడిగాను. "అత్తమ్మ ముచ్చట ఎందుకు చెప్పలే బావా?"

"గంతమందిల ఇంటి సంగతులెందుకమ్మా? బాగుండది."

"ఏది బాగుండది? ఆమె జొన్నలు పోసిందనా, తలుపెన్కాల కూసుండబెట్టినమనా?"

ఆయన రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

మర్నాడు రొట్టెలామె ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఇప్పుడు ఆమె కింద నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. నవ్వుతుందనుకున్నాను. పిండి కొడుతున్న చెయ్యి ఆపలేదు.

"నేను గోడకు నిలబడ్డది చెప్పిండా అక్కా?"

"లేదు."

"బస్సు పోయినంక మిగిలిన రొట్టెలు నేనూ నా బిడ్డ తిన్నది?"

"అదీ లేదు."

"మరి నా ముచ్చటెట్లయితది?" అంది. రొట్టెను పెనం మీద చప్పున వేసి, తడి చేత్తో అంచులు అద్దింది.