ఒక్కపొద్దు చాక్లెట్

మా మేనత్త చాక్లెట్ తినేది ఏకాదశి ఉపవాసం నాడే. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, చిన్న వయసులోనే భర్త పోయి, నాంపల్లిలోని పుట్టింటికి వచ్చింది. తీపి తినొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు, పెట్టడం మానేశారంతే. ఆబిడ్స్‌కు నడిచి వెళ్లి తనే చాక్లెట్ కొనుక్కొచ్చేది. అరుగు మీద కూర్చుని, వీధంతా వినేట్టు టక్కున విరిచేది.

"ఒక్కపొద్దు నాడు గిదేందే?" అని తాత ఓసారి గద్దించాడు.

"చాక్లెట్ అంటే పండు గింజనే నాయినా. పనస లెక్క చెట్టు మొద్దుకే కాస్తదట. గింజల్ని పులియబెట్టి, ఎండబెట్టి, వేంచి నూరుతరట. ఒక్కపొద్దుకు పండ్లు తినొచ్చు గద?"

తాత గొంతు తగ్గించి, "తింటే తిను. లోపలికొచ్చి తినరాదా, నలుగురు చూస్తున్నరు" అన్నాడు.

"చూడాలనే గద గీడ కూసున్న" అని మేనత్త ఇంకో ముక్క టక్కున విరిచింది.