చిమ్మటల కోసం చీకటి

మా బాబాయి ఉద్యోగమంతా కరెంటు ఆఫీసులో చేసి ఊరికి వెలుగులు పంచాడు. రిటైరయ్యాక మాత్రం మా మేడ మెట్ల స్విచ్చుబోర్డుకు తాళం వేసి, సందెవేళ అక్కడ ఒక్క దీపం వెలగనివ్వలేదు. దానికి కారణం ఒక పురుగు.

నేను ఆయన దగ్గరే ఉండి చెప్పుల దుకాణంలో పనిచేసేదాన్ని. పొద్దుటినుంచీ ఊళ్ళోవాళ్ళ పాదాల ముందు వంగి వంగి, సాయంత్రానికి నడుం చేత్తో పట్టుకుని ఇంటికొస్తే, ఎదురుగా మూడంతస్తుల చీకటి.

"బాబాయ్, లైటు!"

"ష్! భోజనాల వేళ. తడుముకుంటూ రా తల్లీ, గోడ ఎక్కడికీ పోదు."

భోజనం నాకు కాదు, హాక్‌మాత్‌లకు. డేగలా దూసుకొచ్చే పెద్ద చిమ్మటలు. వాటికోసం మెట్ల పక్క వరండా నిండా తెల్లపూల కుండీలు పెట్టాడు.

"చూడు, పువ్వు మీద వాలదు. గాల్లోనే నిలబడి, చుట్ట చుట్టుకున్న నాలుక విప్పి తేనె జుర్రుకుంటుంది. గుమ్మంలోనే కాఫీ తాగి వెళ్ళిపోయే చుట్టం లాంటిది. ఎంత మర్యాద!"

వాటి పిల్లలకు ఆ మర్యాద లేదు. తోక మీద కొమ్మున్న వేలెడేసి గొంగళిపురుగులు బాబాయి టమాటా మొక్కల్ని ఈనెలతో సహా నమిలేసేవి. మేం టమాటాలు బజార్లో కొనుక్కునేవాళ్ళం.

"ఎదిగే పిల్లలు, తిననీవే," అనేవాడు.

"సరే, లైటేం చేసింది?"

"లైటు వేస్తే అది పువ్వు వదిలేసి బల్బు చుట్టూ తిరుగుతుంది. అక్కడ బల్లులు పీటలేసుకుని కూర్చుంటాయి. బయట గబ్బిలం, పగలు పిట్ట, మూలన సాలీడు. పిల్లప్పుడైతే కందిరీగ దాని ఒంట్లోనే గుడ్లు పెడుతుంది. ఇంతమంది శత్రువులుంటే నువ్వు చెప్పులమ్మగలవా?"

"నాకు మా మేనేజరొక్కడే చాలు బాబాయ్."

మా మేడలో అందరూ విసిగిపోయారు. పాటల టీచరు ఎవరూ తనని ఢీకొనకుండా పాడుకుంటూ మెట్లెక్కేది. పళ్ళ డాక్టరు మెట్ల కమ్మీకి కొట్టుకుని తన పన్నే కదిలించుకున్నాడు. రెండో అంతస్తు దర్జీ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అందరిలాగే గోడ తడుముకుంటూ మెల్లగా వచ్చి వెళ్ళేవాడు.

చివరికి ఒక ఆదివారం డాక్టరు ముందుగదిలో పంచాయితీ పెట్టారు.

"మెట్ల స్విచ్చుబోర్డు తాళంచెవి ఇచ్చేయండి. లేకపోతే మీ కుండీలన్నీ తీయించేస్తాం," అన్నాడు డాక్టరు బుగ్గ పట్టుకుని.

"గబ్బిలం కూత విని తప్పించుకునే చిమ్మటలున్నాయి. నా మాట వినే మనుషులే లేరు," అని మొదలెట్టాడు బాబాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

"తాళమా? కుండీలా?" అన్నారందరూ ఒక్కసారిగా.

బాబాయి తల దించుకున్నాడు. "కుండీలు తీసేయండి. తాళం మాత్రం ఇవ్వను."

అందరం మొహమొహాలు చూసుకున్నాం. పువ్వులు లేకపోతే చిమ్మటలు రావు. చిమ్మటలు రాకపోతే చీకటెందుకు?

మూలనున్న దర్జీ లేచాడు. "ఇక చాలు అన్నగారూ."

"నువ్వు కూర్చోవయ్యా!" అని కసిరాడు బాబాయి.

ఆయన కూర్చోలేదు. "నాకు చూపు మందగించిందండీ. పగటి వెలుగులో ఎలాగో కుట్టేస్తున్నాను. సందెవేళైతే మెట్టేదో నేలేదో తెలియదు, దీపం వేస్తే కళ్ళు ఇంకా చెదురుతాయి. ఆ సంగతి బయటపడితే నాకు బట్టలెవరిస్తారు? వెలుతురులో నేనొక్కణ్ణే తడుముకుంటే అందరికీ తెలిసిపోతుందని, ఈయన మిమ్మల్నందర్నీ తడుముకునేలా చేశాడు."

డాక్టరు బుగ్గ మీంచి చెయ్యి తీశాడు.

"ఈ ముక్క నా పన్ను కదలకముందే చెప్పొచ్చుగా!" అన్నాడు డాక్టరు. ముందు దర్జీయే నవ్వాడు. ఆ తర్వాత మాకెవరికీ నవ్వు ఆగలేదు.

డాక్టరే ఆయన్ని తన స్నేహితుడైన కంటి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. శుక్లాలు తీశారు. పాటల టీచరు తన జాకెట్ గుడ్డలన్నీ మూటగట్టి కుట్టమని ఆయనకే ఇచ్చింది. మెట్ల మీద దీపం వెలిగింది. కుండీలు డాబా మీదికి చేరాయి, వాటిని మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఓ సాయంత్రం డాబా ఎక్కితే బాబాయి, దర్జీ కుర్చీలేసుకుని కూర్చున్నారు. అడిగాను. "అయితే చిమ్మటల పురాణమంతా సాకేనా బాబాయ్?"

"సాకేంటే? అదీ నిజమే. ఇష్టంలేని మాట రోజూ చెప్పాలంటే విసుగొస్తుంది. అందుకని ఇష్టమైందే ఎంచుకున్నాను." బాబాయి దర్జీ పక్కనున్న ఖాళీ కుర్చీ లాగి నాకు వేశాడు. "కూర్చో. పొద్దుటినుంచీ నిలబడే ఉండుంటావు."

కూర్చున్నాను. ఒక చిమ్మట వచ్చి పువ్వు ముందు నిలబడింది. బాబాయి దాని నాలుక పొడవు గురించి అందుకున్నాడు. సగంలోనే నాకు నిద్ర పట్టేసింది. ఆయన మాత్రం ఆపలేదట, గొంతు తగ్గించి చెబుతూనే ఉన్నాడట. మర్నాడు దర్జీ నవ్వుతూ చెప్పాడు.